గట్టు గారూ, మకాం అండి

మా మకాంకి వాకీటాకీలు వచ్చిన మొదటి రోజున నేను ఒక్క మాట అన్నాను. ఐదుగురు మగవాళ్ళు పలికారు.

భీమవరానికి దగ్గరలో మేం రొయ్యలు పెంచుతాం. మొత్తం ఐదు చెరువులు. నాలుగు సొంతం, అవి ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. ఐదోది లీజుది. డ్రెయిను మీద తూము దాటి, కొబ్బరి తోట అవతలికి వెళ్తే గాని కనపడదు. మొదటి చెరువు గట్టు మీద రెండు గదుల రేకుల షెడ్డు ఉంది. మా వైపు దాన్ని మకాం అంటాం. మేత బస్తాలు, మందు డబ్బాలు, మోటార్ల స్విచ్చులు అన్నీ అక్కడే. పొద్దున్నే ఇంట్లో వంట ముగించి, క్యారేజీ సర్దుకుని స్కూటీ మీద మకాంకి వెళ్తాను. సాయంత్రం దాకా నా రాజ్యం అది. మావారి రాజ్యం గట్లు. తాళ్ళకి కట్టి నీళ్ళలో దింపిన చెక్ ట్రేలు లేపి రొయ్య మేత తిన్నదో లేదో చూడటం, నీళ్ళ రంగు చూడటం, నీళ్ళని చిలికి గాలి పట్టించే ఏరేటర్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూడటం ఆయన పని. చూసింది నాకు చెప్పాలి. దాన్నిబట్టి ఏ చెరువుకి ఎంత మేత పంపాలో, ఏ మోటారు వేయాలో నేను చూస్తాను.

ఫోన్లు లేవా అంటారేమో, ఉన్నాయి. తడి చేతికి ఆ అద్దం పలకదు. జేబులో పెట్టుకుని ట్రే లేపడానికి వంగితే నీళ్ళలోకి దూకుతుంది. అలా రెండు దూకాయి. ఆ తర్వాత మావారు ఫోను మకాంలోనే వదిలేసి గట్టెక్కడం మొదలుపెట్టారు. ఒక మాట చెప్పాలంటే నేను చెరువు చుట్టూ నడవాలి. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అంత దూరం నడిచి వెళ్తే అది నెత్తికెక్కుతుంది.

ఇది చూసి పక్క చెరువుల రైతు ఒక ఉపాయం చెప్పాడు. ఆయన మాకు చుట్టం కాదు. నన్ను వదినగారూ అంటాడు, మావారిని అన్నయ్యగారూ అంటాడు. "వాకీటాకీలు తెప్పిద్దామండి, ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. బాగా పవరున్నవండి, ఊరు దాటి కూడా వినపడతాయంట" అన్నాడు. మా చుట్టుపక్కల ఐదు మకాంల వాళ్ళం కలిసి తెప్పించుకున్నాం. అందరికీ ఒకటే ఛానెల్ పెట్టాడాయన. వేరువేరుగా పెట్టుకోవచ్చని మాకెవరికీ తెలియదు.

ఆ మొదటి రోజు సెట్టు చేతిలోకి తీసుకుని, బటన్ నొక్కి, "ఏవండీ" అన్నాను.

మా ఇళ్ళలో భర్తని పేరు పెట్టి పిలవరు. మా అమ్మ పిలవలేదు, మా అత్తగారు పిలవలేదు, పెళ్ళై ముప్పై ఏళ్ళు దాటినా నేనూ పిలవలేదు. పెద్ద పట్టింపేం కాదు, నోరు తిరగదు, అంతే. బ్యాంకులో ఆయన పేరు అడిగితే కాగితం మీద రాసి చూపిస్తాను. మరి వాకీటాకీలో ఎలా పిలుస్తాను? ఏవండీ అన్నాను. "వస్తున్నానే" అని ఒక గొంతు. "ఆఁ, ఏంటి?" అని ఇంకొకటి. "బీపీ మాత్ర వేసేసుకున్నాను, అరవకు" అని మరొకటి. ఐదు మకాంల భర్తలూ వరసగా జవాబిచ్చారు. ఆఖరున మావారు, "ఇదిగో, నన్నేనా?" అన్నారు. ఆ తర్వాత వారం రోజులు నేను ఎదురుపడితే చాలు జనం నవ్వుకునేవారు.

పక్క రైతుది ఇంకో తరహా. మర్యాద మనిషి. సెట్టులో పిలిస్తే ముందు, "అన్నయ్యగారూ, టిఫిన్లయ్యాయాండి? వదినగారు బాగున్నారాండి? మొన్న జ్వరమన్నారు, తగ్గిందాండి?" అని అడిగేవాడు. మేం అన్నిటికీ జవాబు చెప్పాక, "ఏం లేదండి, మీ మూడో చెరువులో ఏరేటరు ఆగిపోయిందండి, ఇందాకే చూశాను" అనేవాడు. ఇందాక అంటే జ్వరం సంగతి అడగక ముందు. మేమూ తక్కువ తినలేదు. ఆయన మాట్లాడుతుంటే మధ్యలో ఆపడం బాగుండదని చివరిదాకా వినేవాళ్ళం.

ఒక్కోసారి మావాళ్ళవి కాని గొంతులు కూడా వచ్చేవి. ఎక్కడివాళ్ళో, ఎవరికో ఏవో అంకెలు, చోట్లు చెప్పేవారు. సగం సగం వినపడేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సౌండు పెంచి సరదాగా వినేవాళ్ళం. మన సెట్టు ఎంత గట్టిదో అని మురిసిపోయాం కూడాను.

ఇలా ఒక పంట గడిచింది. రెండో పంటలో, ఒకరోజు పదిన్నర వేళ, నేను మేత తూకం వేస్తున్నాను. సెట్టులో లైటు వెలిగింది. ఎవరూ మాట్లాడలేదు. ఊపిరి తీసిన చప్పుడు, ఒక మూలుగు, తర్వాత ఒట్టి నీళ్ళ హోరు. మావారు సెట్టుని ఎప్పుడూ చొక్కా ఎడమ జేబులో పెట్టుకుంటారు. వంగినప్పుడు బటన్ దానంతటదే నొక్కుకుపోవడం అప్పటికి రెండు మూడుసార్లు జరిగింది. మళ్ళీ అదే అనుకున్నాను.

"ఏవండీ, బటన్ వదలండి" అన్నాను. హోరు ఆగలేదు. "వదలమంటుంటే! అందరి నోళ్ళూ కట్టేసి కూర్చున్నారు, ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఎంతసేపు అన్నానో నాకు తెలుసు, ఇక్కడ రాయను. తిట్టి తిట్టి ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, ఆ హోరులోంచి ఒక కీచు శబ్దం వినిపించింది. ఆగి ఆగి, కీచు, కీచు. ఐదో చెరువులో ఒక ఏరేటరుకి బేరింగు పోయింది. బాగుచేయించండని పది రోజులుగా నేనే ఆయన్ని వేధిస్తున్నాను. మిగతా నాలుగు మకాంల వాళ్ళూ ఆ హోరు విన్నారు గాని, ఆ కీచు మాదని, ఐదో చెరువుదని తెలిసింది నాకొక్కదానికే.

మేత బస్తా అలాగే వదిలేసి స్కూటీ తీశాను. తూము దాటి కొబ్బరి తోటలోంచి వెళ్ళేసరికి ఆయన గట్టు మీద బోర్లా పడి ఉన్నారు. సెట్టు గుండె కింద ఉంది. ముఖం తెల్లగా పాలిపోయింది. చేతిలో ట్రే తాడు అలాగే ఉంది. ఆయన్ని వెల్లకిలా తిప్పాక బటన్ మీద బరువు పోయి ఛానెల్ ఖాళీ అయింది. అప్పుడు నొక్కి, "ఐదో చెరువు దగ్గరికి కారు తీసుకురండి" అన్నాను. పక్క రైతు ఆ రోజు టిఫిన్ల సంగతి అడగలేదు. కారు తీసుకుని వచ్చేశాడు.

రాజమండ్రి ఆసుపత్రిలో, గుండె కొట్టుకోవడం మధ్యమధ్యలో ఆగుతోందన్నారు. ఎడమ వైపు, మెడ ఎముక కింద చర్మం లోపల, చిన్న పెట్టె పెట్టారు. పేస్‌మేకర్ అంటారట. గుండె ఆలస్యం చేస్తే అది గుర్తుచేస్తుందట. మావారు మత్తు దిగాక అన్న మొదటి మాట, "ట్రే చూశావా? మేత మిగిలిందా?" అని. రెండో రోజు, ఎవరూ లేనప్పుడు, ఆయన పక్కన కూర్చుని నేను చేసిన పని చెప్పాను. మీరు పడిపోయి ఉంటే నేను తిడుతూ కూర్చున్నానండీ అన్నాను. "నొక్కి ఉన్నప్పుడు అవతలి మాట వినపడదు కదే. నీ తిట్లు నాదాకా ఒక్కటీ రాలేదు" అన్నారు. నన్ను ఊరడించడానికి అన్నారని తెలుసు. అయినా నాకు ఏడుపు ఆగలేదు.

ఇంటికి పంపేముందు ఆ పెట్టెని పరీక్ష చేసే అమ్మాయి జాగ్రత్తలు చెప్పింది. ఫోను కుడి చెవి దగ్గరే పెట్టుకోవాలి, వెల్డింగు జరిగే చోటికి వెళ్ళకూడదు, ఇంకా ఏవేవో. నేను వాకీటాకీ సంగతి అడిగాను. "ఎంత పవరున్నది ఆంటీ?" అంది. బాగా పవరున్నది అన్నాను. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. "చొక్కా జేబులో మాత్రం అస్సలు పెట్టనివ్వకండి. నొక్కి మాట్లాడేటప్పుడు ఏ సెట్టయినా ఆ పెట్టెకి కనీసం జానెడు దూరం ఉండాలి. అసలు మీది ఏ రకమో తెలుసుకున్నాకే వాడండి" అంది.

ఇంటికి రాగానే సెట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. తర్వాత ఆయన చొక్కాలన్నీ మంచం మీద వేసుకుని, ఎడమ జేబుల మూతులు సూదీ దారంతో కుట్టేశాను. ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పెన్ను పెట్టుకుందామని ఆయన వేళ్ళు అక్కడ తడుముకుంటాయి, దారం తగిలాక నా వంక చూసి ఊరుకుంటారు.

నెలన్నర గడిచాక డాక్టరు నెమ్మదిగా పనులు చేసుకోవచ్చన్నారు. మావారు గట్టెక్కారు. చేతిలో సెట్టు లేదు, ఫోను అలవాటుగా మకాంలోనే వదిలేశారు. ఒకరోజు భోజనం వేళ దాటినా రాలేదు. మొదటి చెరువు చూశాను, రెండోది చూశాను. మూడోది చూశాను. నాలుగో చెరువు దగ్గర ఎవరూ లేరు. తూము దాటి పరుగెత్తాను. ఐదో చెరువు గట్టు మీద, కొబ్బరి చెట్టుకి ఆనుకుని కూర్చుని, నీళ్ళు చూసుకుంటున్నారాయన. "రంగు బాగా తిరిగింది చూడు" అన్నారు. నేను అక్కడే కూలబడి, నోటికొచ్చినట్టు తిట్టి, ఏడ్చాను.

ఆ చెరువంటే ఆయనకి ప్రాణం. మేం వరి వేసుకునే రోజుల్లో, రొయ్యలంటే అందరూ భయపడుతుంటే, ఆయన ధైర్యం చేసి మొదట లీజుకి తీసుకున్నది దాన్నే. మా నాలుగు చెరువులూ దాని తర్వాత తవ్వుకున్నవి. ఏటా రొయ్య పిల్లని మొదట అందులోనే వదులుతారు. దాని మీదికి వెళ్ళొద్దనడానికి నాకు నోరు రాలేదు. సెట్టు ఇస్తే ఆ పెట్టెకి ఏమవుతుందోనని భయం. ఇవ్వకపోతే ఎక్కడ పడి ఉన్నారోనని భయం. ఆ రెండు భయాల మధ్య నాకు అన్నం సహించేది కాదు.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. పోలీసు శాఖలో వైర్‌లెస్ పని చేసి రిటైరయ్యారు. వీధంతా ఆయన్ని బాబాయిగారూ అనే పిలుస్తాం. మర్నాడు ఒక సెట్టుని గుడ్డసంచిలో వేసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, సెట్టు వెనక బ్యాటరీ తీసి, లోపలున్న అక్షరాలు చదివారు.

"దీనికి లైసెన్సు ఏదమ్మా?" అన్నారు.

"వాకీటాకీకి లైసెన్సేంటండీ బాబాయిగారూ, మోటారుసైకిలా?" అన్నాను.

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "ఇంత పవరున్న సెట్టు లైసెన్సు లేకుండా వాడకూడదమ్మా. గాలిలో ప్రతి దారీ ఎవరో ఒకరికి రాసిచ్చి ఉంటుంది. మీరు వాడుతున్న దారి మీది కాదు. ఎప్పుడైనా పరాయి గొంతులు వినపడ్డాయా?"

"రోజూ వినపడేవండి. సరదాగా వినేవాళ్ళం."

"వాళ్ళు మీకు వినపడ్డారంటే మీరూ వాళ్ళకి వినపడి ఉంటారు. మీ టిఫిన్లూ, మీ జ్వరాలూ వాళ్ళ పని మీద పడి ఉంటాయి."

ఆ మాటకి నాకు సిగ్గేసింది. ఐదో చెరువు దగ్గర ఆయన పడిపోయిన సంగతి, ఆసుపత్రిలో పెట్టిన పెట్టె సంగతి, నా రెండు భయాలూ అన్నీ చెప్పాను. బాబాయిగారు చాలాసేపు విన్నారు. లైసెన్సు అక్కర్లేని తక్కువ పవరు సెట్లు వేరే ఉంటాయని, ప్రభుత్వ అనుమతి ఉన్నవి చూసి తెప్పించుకోవాలని చెప్పారు. వాటి వివరాలన్నీ ఒక కాగితం మీద రాసిచ్చి, "ఇది పట్టుకెళ్ళి మీ డాక్టరుకి చూపించు. ఆయన సరేనంటేనే కొను" అన్నారు. డాక్టరు చూసి, కుడి నడుముకి పెట్టుకుని, కుడి చేత్తో పట్టుకుని, ఛాతీకి జానెడు కంటే ఎక్కువ ఎడంగా మాట్లాడితే ఫరవాలేదన్నారు. అప్పుడే తెప్పించాం.

పాత సెట్ల బ్యాటరీలు ఊడదీసి బీరువాలోనే ఉంచాను. వాటినేం చేయాలో సంబంధిత ఆఫీసులో కనుక్కుంటానని బాబాయిగారు చెప్పారు. ఈ లోగా పక్క రైతు వచ్చి, "మీకక్కర్లేకపోతే నాకిప్పించండి వదినగారూ, మీవి నావాటికంటే కొత్తవి" అన్నాడు. "నాకు తప్పయింది మీకు ఒప్పవుతుందా? ముందు మీవి కూడా తీసేయండి" అన్నాను. "ఆయ్, అదీ నిజమేనండి" అని తల గోక్కుంటూ వెళ్ళాడు. ఆ పంట అయ్యేలోపు ఐదు మకాంల వాళ్ళూ మార్చుకున్నారు.

కొత్త సెట్లు వచ్చిన రోజు బాబాయిగారు మకాంకి వచ్చి మా ఇద్దరికీ పాఠం చెప్పారు. మేం మేత బస్తాల మీద కూర్చున్నాం. ముందు వినాలి, ఎవరూ మాట్లాడటం లేదని చూసుకోవాలి. నొక్కాక లోపల ఒకటి అని లెక్క అనుకుని అప్పుడు మాట్లాడాలి, లేకపోతే మొదటి ముక్క తెగిపోతుంది. చెప్పేది చెప్పి, ఇక మీ వంతు అన్నట్టు ఓవర్ అని, వెంటనే వదిలేయాలి. ఏరియల్ పట్టుకుని సెట్టు ఎత్తకూడదు. "పిల్లిని తోక పట్టుకుని ఎత్తుతామా?" అన్నారు. తడిసిన సెట్టు ఆరకుండా ఛార్జింగు పెట్టకూడదు, బ్యాటరీ ఉబ్బితే పక్కన పడేసి కొత్తది వేసుకోవాలి. జనరేటరులో డీజిల్ పోసేటప్పుడు నొక్కకూడదు. ఉరుములు మొదలైతే గట్టు మీద నిలబడి మాట్లాడటం కాదు, దిగి మకాంకి వచ్చేయాలి. కబుర్లు, పాటలు, తిట్లు ఛానెల్ మీద ఉండకూడదు.

"తిట్లు కూడానా అండి?" అన్నాను.

"ముఖ్యంగా తిట్లు" అన్నారు. మావారు తల పక్కకి తిప్పుకుని నవ్వారు.

ఏవండీతో లాభం లేదని, నాకు మకాం అని, ఆయనకి గట్టు అని పేర్లు పెట్టారు. ఎవరిని పిలుస్తున్నామో ముందు చెప్పాలి, తర్వాత మన పేరు చెప్పాలి. గట్టు, మకాం. అంతే. నేను నొక్కాను, ఒకటి అనుకున్నాను. కట్టుకున్నాయన్ని పట్టుకుని ఒట్టి గట్టు అనడానికి నాకు మనసొప్పలేదు. "గట్టు గారూ, గట్టు గారూ, మకాం అండి, ఓవరండి" అన్నాను. బాబాయిగారు నుదురు పట్టుకున్నారు. నాలుగుసార్లు చెప్పించారు, నాలుగుసార్లూ గారు వచ్చింది. "సరేనమ్మా, గారు ఉండనీ, చిన్న ముక్కే కదా. జ్వరాల సంగతి మాత్రం తీసెయ్" అన్నారు.

ఆఖరున నన్నొక్కదాన్నే చూసి ఇంకో మాట చెప్పారు. "అరగంటకోసారి నువ్వు పిలవాలి, అతను పలకాలి. రెండుసార్లు పిలిచినా పలక్కపోతే నువ్వు బయల్దేరాలి. కోపం తెచ్చుకోకూడదు, ఎందుకు పలకలేదని ఆలోచించకూడదు. బయల్దేరాలి." నేను తలూపాను. మావారు లేచి, సెట్టు కుడి నడుముకి తగిలించుకున్నారు.

ఇక మాట ఎంత దూరం వెళ్తుందో చూడాలి. బాబాయిగారు నా పక్కన మకాం గుమ్మంలో కూర్చున్నారు. మావారు నడక మొదలుపెట్టారు. ఒక్కో చెరువు చివర ఆగి పలికారు. రెండో చెరువు దగ్గర గొంతు పక్కనే ఉన్నట్టు వచ్చింది. మూడో దగ్గర కొంచెం గరగర. నాలుగో చెరువు చివర, డ్రెయిను ఒడ్డున, సన్నగా వచ్చింది గాని ప్రతి ముక్కా తెలిసింది. "ఐదో దాని మీదికి వెళ్తున్నా. ఓవర్" అన్నారు.

తర్వాత ఏమీ రాలేదు. పిలిచాను. రెండోసారి పిలిచాను. నేను లేవబోతుంటే బాబాయిగారు చెయ్యి అడ్డం పెట్టారు. "కంగారుపడకు. ఈ సెట్టు శక్తి అంతే. తోట అడ్డం ఉంది కదా. మాట అందకపోతే వెనక్కి రమ్మని ముందే చెప్పాను, వస్తాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పడిపోయింది ఎక్కడ? ఐదో చెరువు మీద. చెప్పకుండా కూర్చున్నది ఎక్కడ? ఐదో చెరువు మీద. సరిగ్గా అక్కడికే మాట వెళ్ళకపోతే ఈ ముచ్చటంతా ఎందుకు? "పాత సెట్టు అక్కడికి భేషుగ్గా వెళ్తుందండీ. బీరువాలో ఉంది. ఆ ఒక్క చెరువుకే వాడుకుంటాను. మూడే మూడు ముక్కలు మాట్లాడతాను. కావాలంటే ఆ పెట్టెకి దూరంగా పట్టుకోవడానికి దాన్ని కర్రకి కట్టి ఇస్తాను. ఎవరికి తెలుస్తుందండీ? మా ఆయన ప్రాణం కంటే ఎక్కువా మీ రూలు?" అన్నాను. పెద్దాయన ముందు అంత గొంతు నేనెప్పుడూ ఎత్తలేదు.

ఆయన నొచ్చుకోలేదు. చెరువు వైపు చూస్తూ అన్నారు. "ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, గోదారి పొంగినప్పుడు, నేను సెట్టు దగ్గర కూర్చున్నానమ్మా. లంకలోంచి ఒక మనిషి పడవ పంపమని పిలుస్తున్నాడు. అతని మాట మీద ఎవరివో కబుర్లు పడుతున్నాయి. పెళ్ళి భోజనాల సంగతి. ఎవరో తెలియదు, చెడ్డవాళ్ళు కూడా కాదు. నాకు లంక పేరు మూడోసారికి గాని తెలియలేదు. పడవ వెళ్ళింది. ఆలస్యంగా వెళ్ళింది." ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆపద మన వీలు చూసుకుని రాదు కదా అంటావు. నిజమే. అవతలి వాళ్ళకీ అంతే. నీలాంటి ఆడమనిషే ఇంకొకతె, ఇంకో గుమ్మంలో సెట్టు పట్టుకుని కూర్చుని ఉండొచ్చు. ఆమె మాట మీద నీ మాట పడనివ్వకమ్మా."

పెళ్ళి భోజనాల కబుర్లు చెప్పుకున్నవాళ్ళలో నేనూ ఉన్నట్టు అనిపించింది. ఆ బీరువా తాళం చెవి నా కొంగుకే ఉంది. దాన్ని విప్పి ఆయన చేతిలో పెట్టాను. తర్వాతి వారం ఆయన మాతో పాటు వచ్చి, ఆ సెట్లన్నీ ఆఫీసులో అప్పగించేవరకూ తాళం చెవి ఆయన దగ్గరే ఉంది.

కానీ ఆ క్షణాన, ఐదో చెరువు మీద ఉన్న మనిషిని ఎలా కాపాడుకోవాలో నాకు తెలియలేదు. సెట్టు ఒళ్ళో పెట్టుకుని గట్ల వంకే చూస్తూ కూర్చున్నాను.

లైటు వెలిగింది.

"మకాం, గట్టు" అన్నారు మావారు. గొంతు సన్నగా వచ్చింది. "తూముకి ఇవతల, డ్రెయిను ఒడ్డున ఉన్నాను. ఇక్కడిదాకా నీ మాట బాగా వస్తోంది. తూము దాటితే రావట్లేదు. తోటలో అన్ని వైపులా తిరిగి చూశాను, ఎక్కడా రాలేదు." బటన్ వదలకుండానే ఊపిరి తీసుకున్నారు. ఆ వెనక నాలుగో చెరువు నీళ్ళ హోరు వినపడుతోంది. "ఐదో చెరువు ఈ పంట పట్టుబడి అయ్యాక వదిలేద్దాం. లీజుకిచ్చిన రైతుతో నేను మాట్లాడతాను. నీ మాట వినపడని చోట నాకేం పని? ఓవర్."

బాబాయిగారు నా వంక చూడలేదు. "జవాబు చెప్పాలమ్మా. ఓవర్ అన్నాడుగా" అన్నారు మెల్లిగా.

నొక్కాను. లోపల ఒకటి అనుకున్నాను. రెండు అనుకున్నాను, మూడు అనుకున్నాను. ఏమీ అనకుండానే వదిలేశాను.

"నువ్వు నొక్కినట్టు తెలిసిందిలే" అన్నారు మావారు. "ఆకలేస్తోంది. వచ్చేస్తున్నా."

నాలుగో చెరువు చివర ఆయన తలపాగా కనపడింది. నేను లేచి క్యారేజీ విప్పాను.